కాదు, లేదు, దగ్గర – ఇమేజి క్లాసుల లెక్క

సందేహం: ఫొటోలు ఎడిట్ చేసే ప్రోగ్రాంకి క్లాసులు (ఒక రకం వస్తువుకి ఉండే డేటా, చేసే పనులు కలిపి రాసే నమూనాలు) ఎలా రాసుకోవాలో తెలుగులో పాఠం రాస్తున్నా. "బ్లర్ అనేది ఇమేజి క్లాసుకి పిల్ల క్లాసు" అని రాస్తే ఫ్రెండ్ తప్పన్నాడు. అలాగే ఇమేజికి పిక్సెల్స్ ఉన్నాయి అనాలా, ఇమేజిలోనా, ఇమేజి దగ్గరా? అసలు పిక్సెల్స్ అనాలా, పిక్సెళ్ళు అనాలా?

సమాధానం: మీ ఫ్రెండ్ చెప్పింది రైటేనండి. పిల్ల క్లాసంటే పై క్లాసులో ఒక రకం అన్నమాట, బ్లర్ అలాంటిది అవునో కాదో తేల్చుకోడానికి మన కాదు, లేదు చాలు. "నేను డాక్టర్ని కాదు", "నాకు కారు లేదు", ఈ రెండిటినీ తెలుగు పిల్లలెవరూ కలిపెయ్యరు కదా. "ఇది ఇమేజి" అన్నప్పుడు వాక్యంలో క్రియే ఉండదు కాబట్టి తేడా పైకి తెలీదు, వ్యతిరేకంలోకి తిప్పితే బయటపడుతుంది. "గ్రేస్కేల్ (నలుపు తెలుపు) ఇమేజి ఇమేజి కాదు" అనండి, శుద్ధ అబద్ధం, అంటే దాన్ని ఇమేజి కింద పిల్ల క్లాసుగా పెట్టినా భాష ఒప్పుకుంటుంది (పెట్టాలా అన్నది వేరే సంగతి, ఛానెల్, అంటే ఒక్కో రంగు విలువల పొర, ఒకటే ఉందని రాసుకుంటే సరిపోయేదానికి ఇంకో క్లాసెందుకు అని నా గోల). "బ్లర్ ఇమేజి కాదు" అనండి, నిజమే! బ్లర్ చేసిన ఇమేజి ఇమేజే గానీ బ్లర్ మాత్రం ఒక పని, ఇమేజిని తీసుకుని ఇంకో ఇమేజి ఇచ్చేది, కాబట్టి దాని చోటు ఫిల్టర్ అనే క్లాసు కింద, షార్పెన్ పక్కన. ఇక "జిఫ్‌కి పాలెట్ ఉంది, జేపెగ్‌కి లేదు" అన్నారనుకోండి (ఇవి ఫొటో ఫైళ్ళ రకాలు, పాలెట్ అంటే రంగుల పట్టిక), అది లేదుతో తేలే మాట, క్లాసు లోపల దాచుకునే డేటా.

ఇప్పుడు కి, లో, దగ్గర. విడదీయలేని గుణానికి కి: ఇమేజికి 1920 పిక్సెళ్ళ వెడల్పు ఉంది. లోపలి భాగాలకి లో: ఇమేజిలో మూడు ఛానెళ్ళున్నాయి. దగ్గర సంగతే అసలు మజా. "నాకు ఇద్దరు పిల్లలున్నారు" అంటే నా పిల్లలే, "నా దగ్గర ఇద్దరు పిల్లలున్నారు" అంటే వాళ్ళు ఎవరి పిల్లలైనా కావచ్చు. ఓపెన్‌సీవీలో (ఇమేజిలతో పనిచేసే కోడ్ లైబ్రరీ) ఇమేజి పిక్సెళ్ళని పట్టుకునే మ్యాట్ అనే క్లాసుంది చూడండి, 1920×1080 మామూలు కలర్ ఫొటో అంటేనే 62 లక్షల బైట్లు దాటుతుంది, అందుకని ఒక మ్యాట్‌ని ఇంకోదానికి ఇస్తే పిక్సెళ్ళు కాపీ అవ్వవు, ఇద్దరూ ఒకే మెమరీ పంచుకుంటారు, ఒకదాంట్లో పిక్సెల్ మారిస్తే రెండోదాంట్లోనూ మారిపోతుంది, విడిగా కావాలంటే క్లోన్ చేసుకోవాలి. అక్కడ "మ్యాట్ దగ్గర పిక్సెళ్ళున్నాయి" అని రాయండి, చదివేవాడికి సగం అక్కడే అర్థమైపోతుంది.

పిక్సెల్స్ తప్పేం కాదు, మాట్లాడేటప్పుడు అందరం అంటాం. రాతలో మాత్రం హోటళ్ళు, పెన్సిళ్ళు అన్నట్టే పిక్సెళ్ళు అనొచ్చు, నాకదే ఇష్టం. ఫిల్టర్‌కి ఆ రూలు పెట్టకండి. ఊరు ఊళ్ళు అవుతుంది గానీ కారు కార్లే, అలాగే ఫిల్టర్లు.