విశ్వాన్ని దాని దారిన పోనివ్వు

చిరంజీవికి ఆశీస్సులు.

అమ్మాయీ, పీహెచ్‌డీకి ఎఫ్(ఆర్) గ్రావిటీ (ఐన్‌స్టీన్ సిద్ధాంతంలో స్థలకాల వక్రత ‘ఆర్’ ఉన్నచోట దాని ఫంక్షన్ ఒకటి పెట్టే సిద్ధాంతం) తీసుకున్నావని తెలిసి చాలా సంతోషించాను. మన ఆంధ్రా యూనివర్సిటీలో బియాంకి మోడల్స్ (దిక్కును బట్టి వ్యాకోచం మారగల విశ్వ నమూనాలు) మీద దశాబ్దాలుగా పని జరిగింది, అడిగితే చెప్పేవాళ్లకు కొదవ లేదు. ఒక్క విషయం మాత్రం ఇప్పుడే మనసులో పెట్టుకో.

విశ్వం ఎలా వ్యాకోచించాలో ముందే నువ్వే చెప్పెయ్యకు. స్కేల్ ఫ్యాక్టర్ (విశ్వంలో దూరాలు ఎన్ని రెట్లు పెరిగాయో చెప్పే సంఖ్య) ఫలానా అనుకుని సమీకరణాల్లో పెడితే సాంద్రత, పీడనం ఇట్టే వచ్చేస్తాయి, గ్రాఫులూ ముచ్చటగా ఉంటాయి. కానీ అందులో గ్రావిటీ చెప్పిందేముంది? చెప్పిందంతా నువ్వే. ముందు ఎఫ్(ఆర్) ఫంక్షన్ ఎంచుకో, తొలి విలువలిచ్చి వదిలెయ్, ఎటు పోతుందో చూడు. కాలానికి బదులు స్కేల్ ఫ్యాక్టర్ లాగరిథమ్ మీద లెక్క నడిపితే రేడియేషన్ యుగం నుంచి నేటిదాకా ఒకే రన్‌లో వస్తుంది.

అందరూ చివర్లో వ్యాకోచానికి త్వరణం వచ్చిందా లేదా అనే చూస్తారు. నువ్వు మధ్యకాలం చూడు. 1998లో సూపర్‌నోవాలతో త్వరణం బయటపడ్డాక, ఆర్ లోంచి 1/ఆర్ పదాన్ని తీసేసే మోడల్ ఒకటి వచ్చింది. డార్క్ ఎనర్జీ (వ్యాకోచాన్ని వేగవంతం చేస్తుందనుకునే కంటికి కనిపించని శక్తి) లేకుండానే త్వరణం ఇచ్చింది కాబట్టి ఆశలు రేగాయి. 2007లో అమెండోలా, పోలార్స్కీ, సుజికావా దాని మధ్యకాలం తరచి చూశారు. పదార్థం పెత్తనం చెయ్యాల్సిన యుగంలో స్కేల్ ఫ్యాక్టర్ కాలానికి 2/3వ ఘాతంగా పెరగాలి కదా, అక్కడ 1/2వ ఘాతంగా పెరుగుతోంది! అది రేడియేషన్ నడక. అలాంటి విశ్వంలో మైక్రోవేవ్ నేపథ్యపు (తొలినాటి విశ్వం నుంచి మిగిలిన కాంతి) శిఖరాలు మనం చూస్తున్న చోట ఉండవు. ఎఫ్(ఆర్) రెండో డెరివేటివ్ గుర్తు తప్పడం వల్ల ఆ మోడల్‌కి అస్థిరత కూడా ఉందని డాల్గోవ్, కవాసాకి 2003లోనే చూపించారు. ఆ గుర్తు కాగితం మీద రెండు నిమిషాల పని, కోడ్ రాయకముందే చూసుకో.

వ్యాకోచం సరిపోయినా పని అయిపోలేదు. ఎఫ్(ఆర్) లోనే 2007 నాటి హూ–సావికీ మోడల్ వ్యాకోచం దాదాపు ప్రామాణిక విశ్వ నమూనా అయిన లాంబ్డా సీడీఎం లాగే ఉంటుంది. తేడా గెలాక్సీ గుంపులు పెరిగే తీరులో తెలుస్తుంది, ఎందుకంటే కొన్ని దూరాల్లో గ్రావిటీ బలం 4/3 రెట్ల దాకా వెళ్తుంది. అందుకని పర్టర్బేషన్ల (సాంద్రతలోని చిన్న హెచ్చుతగ్గుల) అధ్యాయాన్ని చివరికి నెట్టకు.

2017 ఆగస్టు 17న 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరం నుంచి వచ్చిన గురుత్వ తరంగాల వెనకే, 1.7 సెకన్లకు గామా కిరణాలు అందాయి. అంటే రెండింటి వేగం దాదాపు ఒకటే. ఎఫ్(ఆర్)లో గురుత్వ తరంగాలు కాంతి వేగంతోనే పోతాయి కాబట్టి దానికి ఇబ్బంది లేదు. రేపు హార్న్‌డెస్కీ సిద్ధాంతాల (గ్రావిటీకి అదనంగా ఒక స్కేలార్ క్షేత్రం కలిపేవి) వైపు మళ్లితే మాత్రం తరంగ వేగం మొదట లెక్కకట్టు.

మొదటి రన్ అయ్యాక పదార్థ యుగం గ్రాఫ్ నాకు పంపు. పక్కనే లాంబ్డా సీడీఎం గీత కూడా గియ్యి.