కినబాలు ఎక్కబోతున్న చిట్టికి

చిట్టీ,

వచ్చే నెల బోర్నియో వెళ్తున్నావని, కినబాలు కొండకు పర్మిట్ కూడా దొరికిందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. "అంత ఎత్తు ఎక్కగలదా వదినా?" అని ఒకటే టెన్షన్. ఎక్కుతావులే. నా బెంగంతా నువ్వు ఎలా దిగుతావని.

మనకో అలవాటుంది చూడు. తిరుమలకు నడిచి ఎక్కుతాం, దర్శనం అయ్యాక బస్సులో దిగిపోతాం. అలిపిరిలో 3,550 మెట్లు ఎన్నిసార్లు ఎక్కామో గొప్పగా చెప్పుకుంటాం కానీ, ఒక్కసారైనా నడిచి దిగామా? నేనూ దిగలేదు. మోకాళ్ల పర్వతం ఎక్కినదాన్ని, ఈ కినబాలు ఎంత అనుకుని యాభై రెండేళ్ల వయసులో మీ బావతో కలిసి బయల్దేరాను.

నడక మొదలయ్యే టింపోహోన్ గేటు 1,866 మీటర్ల ఎత్తులో ఉంటుంది. మొదటి రోజు అక్కడి నుంచి అడవిలో ఆరు కిలోమీటర్లు నడిచి, 3,272 మీటర్ల దగ్గరున్న లబన్ రాటా అనే బసకు చేరతారు. అర్ధరాత్రి దాటాక లేపి, చీకట్లో నున్నటి గ్రానైట్ బండ మీద తెల్ల తాడు పట్టించి 4,095 మీటర్ల శిఖరానికి తీసుకెళ్తారు. అంతవరకు బాగానే ఉంటుంది. మళ్లీ ఆ రోజే గేటు దాకా దిగాలి. అంటే ఒక్క పూటలో 2,200 మీటర్లకు పైగా దిగుడు. తిరుమల కొండ ఎత్తుకు రెండింతలు దాటుతుంది! ఎక్కేటప్పుడు పని ఊపిరిది, దిగేటప్పుడు పని తొడలది. నా తొడలకు ఆ సంగతి లాయాంగ్ లాయాంగ్ అనే మజిలీ దగ్గర తెలిసింది. కూర్చుని లేవబోతే కాళ్లు గడగడా వణికాయి. మా గైడు నా బ్యాగు తీసి తన ముందువైపు తగిలించుకుని, నా రెండు చేతులూ తన భుజాల మీద వేయించుకుని, ఒక్కో మెట్టుకూ ఆగి ఆగి దింపాడు. మీ బావ ఫోటో తీయబోతే తిట్టాను.

అందుకని ఈ నెలంతా వారానికి రెండుసార్లు అలిపిరి వెళ్లు. ఇంటి నుంచి పది నిమిషాలేగా. గాలిగోపురం దాకా ఎక్కి, నడిచే దిగు. మొదటి వారం మర్నాడు బాత్రూములో కూర్చోలేవు, తిట్టుకో. మూడో వారానికి సర్దుకుంటుంది. దిగేటప్పుడు మోకాలు బిగబట్టకు, కొంచెం వంచి, అడుగు పక్కవాటుగా వేయి. ఊతకర్రలు రెండు పట్టుకెళ్లు, ఒకటి చాలదు.

బయల్దేరే ముందు రోజు కాలిగోళ్లు పొట్టిగా కత్తిరించుకో. దిగుతుంటే వేళ్లు బూటు ముందుకు గుద్దుకుని గోళ్లు నల్లబడతాయి. నా బొటనవేలి గోరు ఊడి, మళ్లీ రావడానికి చాలా నెలలు పట్టింది. ఖరీదైన బూట్లు కూడా అక్కర్లేదు. అక్కడి కూలీలు వేసుకునే నల్ల రబ్బరు బూట్లు, సరదాగా 'అదిదాస్ కంపుంగ్' అంటారు, తడి రాయి మీద భలే పట్టు ఇస్తాయి. వాటిల్లో మందం సాక్సు వేసుకో.

గైడు లేకుండా ఎక్కనివ్వరు. సాధారణంగా ఆ ఊళ్ల దూసున్ తెగ వాళ్లే ఉంటారు. ఆ కొండ వాళ్ల పెద్దల ఆత్మలుండే చోటు, అందుకని పైన అరుపులూ కేకలూ వద్దు. "పెలాన్ పెలాన్" అంటుంటారు, మెల్లగా మెల్లగా అని. నేను వినకుండా అందరికంటే ముందు లబన్ రాటా చేరి మురిసిపోయాను. రాత్రంతా తలనొప్పి, వాంతులు. నువ్వు ముందు రోజు రాత్రే పార్కు ఆఫీసు దగ్గర పడుకో, అది 1,500 మీటర్ల పైమాటే, ఒంటికి కొంచెం అలవాటవుతుంది. తలనొప్పి మొదలైతే దాచకుండా గైడుకు చెప్పు. వానొచ్చి బండ జారుతోంది, వెనక్కి పదమంటే వాదించకు. డబ్బు పోతే పోయింది. 2015 జూన్‌లో భూకంపానికి ఆ కొండ మీద 18 మంది పోయారు, వాళ్లలో గైడ్లూ ఉన్నారు. పైన చిక్కుకున్న వంద మందికి పైగా జనాన్ని కిందికి దింపిందీ గైడ్లే.

చలి సంగతి మీ అమ్మ చెప్పే ఉంటుంది. శిఖరం మీద దాదాపు సున్నా డిగ్రీలు. బట్టలన్నీ ముందు ప్లాస్టిక్ కవర్లో, తర్వాత బ్యాగులో పెట్టు. తాడు తడిగా ఉంటుంది, నూలు గ్లౌజులు పనికిరావు. తలకు కట్టుకునే లైటు, దానికి వేరే బ్యాటరీలు. లబన్ రాటాలో భోజనానికి అన్నం దొరుకుతుంది, చిన్న డబ్బాలో ఆవకాయ తీసుకెళ్లు. అంత ఎత్తులో ఆకలి చచ్చిపోతే అదే ఆదుకుంటుంది.

ఇంకొక్కటి, ఎవరూ ముందు చెప్పరు. ఎక్కేటప్పుడు గేటు దాటగానే దారి కాస్త కిందికి దిగి చిన్న జలపాతం పక్కన పోతుంది. అప్పుడు పట్టించుకోం. తిరిగొచ్చేటప్పుడు, ఇక అయిపోయిందనుకున్న చోట, అవే మెట్లు ఎక్కాలి! అక్కడ నాకు నిజంగా ఏడుపొచ్చింది. పల్లీ చిక్కీ ఒక ముక్క ఆ మెట్ల కోసం దాచుకో.

మీ అత్త