మావాడు ‘డి’ భాష పట్టుకున్నాడు, ఉద్యోగం వస్తుందా?

ఆమదాలవలస నుంచి ఒక తండ్రి రాశారు. అబ్బాయి బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం. ఏడాదిగా ‘డి’ అనే ప్రోగ్రామింగ్ భాష తప్ప ఇంకోటి ముట్టడం లేదట, జావా నేర్చుకోరా అంటే మొహం చిట్లిస్తున్నాడట, వచ్చే ఏడాదే క్యాంపస్ సెలక్షన్లు. ‘డి అంటే మొదట ఏదో గ్రేడు అనుకుని కంగారుపడ్డాను, భాష అని తెలిశాక ఇంకా టెన్షన్ పట్టుకుంది, మాన్పించేయమంటారా?’ అని అడిగారు.

మాన్పించకండి సార్. అలాగని దాన్నొక్కదాన్నే నమ్ముకుని కూర్చోనివ్వకండి కూడా. ఈ రెండో మాట మీరు చెబితే వినడు కాబట్టి మిగతాది వాడికే రాస్తున్నాను, ఫోను వాడి చేతికివ్వండి.

బావూ, నువ్వు ఎంచుకున్న భాష చెడ్డదని నేననను. దాన్ని తయారుచేసిన వాల్టర్ బ్రైట్ అంతకుముందు సీ ప్లస్ ప్లస్ కంపైలర్లు (మనం రాసిన కోడుని యంత్రం నడపగలిగేలా మార్చేవి) రాసిన మనిషి, ఆ భాషలో ఎక్కడెక్కడ చెయ్యి కాలుతుందో బాగా తెలిసినవాడు, అందుకే 2001లో డిని బయటపెట్టాడు. డి వాళ్ళు ఏళ్ళ తరబడి వాడుకుంటున్న ‘స్టాటిక్ ఇఫ్’ (కంపైల్ అయ్యేటప్పుడే షరతు తేల్చేసేది) లాంటిది సీ ప్లస్ ప్లస్‌లోకి 2017లో గానీ రాలేదు. మరి ఇంత ముందున్న భాష నీ కాలేజీలో ఇంకొకడికి కూడా ఎందుకు తెలీదు? అందరూ తెలివితక్కువవాళ్ళు కాబట్టి అని నువ్వు అనుకుంటుంటే, అక్కడే నాకు భయం.

జరిగింది ఇది. మొదటి రోజుల్లో డికి రెండు ప్రామాణిక లైబ్రరీలు, అంటే అందరూ తెచ్చి వాడుకునే రెడీమేడ్ కోడు మూటలు, ఉండేవి, ఫోబోస్ ఒకటి, టాంగో ఒకటి. ఒకదానికి రాసిన కోడు రెండోదానితో పొసగదు. 2007 జనవరిలో 1.0 వచ్చింది, ఊపిరి పీల్చుకునేలోపు అదే ఏడాది రెండో వెర్షన్ పని మొదలైపోయింది, అది పాతదానికి పూర్తిగా సరిపడదు. కొత్తగా వచ్చినవాడు ఏ లైబ్రరీ పట్టుకోవాలి, ఏ వెర్షన్ నేర్చుకోవాలి? చాలామంది ఏదీ పట్టుకోకుండా వెళ్ళిపోయారు. దానికితోడు లైసెన్సు గొడవ ఒకటి: అసలు కంపైలర్‌లో వెనక భాగం పూర్తిగా ఓపెన్ సోర్స్ అయ్యింది 2017లో. అంటే పదహారేళ్ళ తర్వాత! చెత్త మెమొరీని తనే ఏరేసే గార్బేజ్ కలెక్టర్ ఇంకో పేచీ. గేములు రాసేవాళ్ళు, సిస్టమ్స్ వాళ్ళు అది వద్దంటారు, వద్దనుకుంటే ప్రామాణిక లైబ్రరీలో కొంత వదులుకోవాల్సి వస్తుంది, కలెక్టర్ ఉన్నా ఫర్వాలేదనుకునే వాళ్ళకి జావా, పైథాన్ ఎలాగూ ఉన్నాయి.

ఈలోగా గో భాషని 2009లో గూగుల్ దించింది. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ చేసే మొజిల్లా నీడలో పెరిగిన రస్ట్ భాష 2015లో 1.0కి చేరి, 2022 చివరికి లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్‌లోకి కూడా అడుగుపెట్టింది. డికి అలాంటి పెద్దదిక్కు లేదు. సిమెట్రీ ఇన్వెస్ట్‌మెంట్స్, వెకా లాంటి కొన్ని కంపెనీలు గట్టిగానే వాడుతున్నాయి, కాదనను, కానీ అవి మన విశాఖ రుషికొండ ఐటీ కొండ మీద బోర్డు పెట్టినవి కావు.

మన పొందూరు సన్న ఖద్దరు నాణ్యత మీద ఎవరికైనా అనుమానం ఉందా? లేదు. వాలుగ చేప దవడతో పత్తి ఏకే చేతులు ఇంకా ఎన్ని మిగిలాయన్నదే అక్కడ బెంగ. కంపెనీ మేనేజరుకీ అదే బెంగ. ఈ కుర్రాడు డిలో బ్రహ్మాండంగా రాసిపెట్టి రేపు మానేస్తే, ఆ కోడు చూసుకోవడానికి ఇంకొకణ్ణి ఎక్కణ్ణుంచి తేవాలి? ఆ ఒక్క ఆలోచనతో ఆయన జావా అనేస్తాడు. నువ్వు ఆ కుర్చీలో ఉన్నా అదే అంటావు.

కాబట్టి చెయ్యాల్సింది ఏంటంటే, రేపట్నుంచి సీ ప్లస్ ప్లస్ మొదలుపెట్టు. జావా కాదు, సీ ప్లస్ ప్లస్సే, ఎందుకంటే డి వచ్చినవాడికి అది పక్కవీధి, రెండు నెలల్లో చెయ్యి తిరుగుతుంది, ఆన్‌లైన్ టెస్టుల్లో ఎలాగూ అది తీసుకుంటారు. రోజూ డేటా స్ట్రక్చర్స్ లెక్కలు దాంట్లోనే చెయ్యి. డేటాబేస్‌ని ప్రశ్నలడిగే ఎస్‌క్యూఎల్ మర్చిపోకు. డిని ఆదివారాలకి ఉంచుకో, కానీ ఉత్తినే సొంత బొమ్మ ప్రాజెక్టులు రాసుకోవడం ఆపి, ఆ కంపైలర్‌లోనో లైబ్రరీలోనో ఒక చిన్న బగ్ పట్టుకుని సరిచేసి పంపు. చిన్న ఊళ్ళో ఎవరింట్లో పెళ్ళైనా అందరికీ తెలిసినట్టు, చిన్న భాషలో కొత్తవాడు పంపిన పని పెద్దవాళ్ళ కళ్ళలో తొందరగా పడుతుంది. పెద్ద భాషల్లో నీ వంతు రావడానికే నెలలు పట్టొచ్చు.

నాకు డి గురించి తెలిసింది తక్కువే, అందుకని ఒకప్పుడు మా దగ్గర సలహాకి వచ్చి ఇప్పుడు హైదరాబాద్‌లో సీ ప్లస్ ప్లస్ మీద పనిచేస్తున్న అమ్మాయిని అడిగాను. ‘రెజ్యూమేలో మొదటి లైన్లో డి డెవలపర్ అని ఉంటే పక్కన పెట్టేస్తారు సార్, అదే ప్రాజెక్టుల కింద ఫలానా కంపైలర్‌లో నా మార్పు తీసుకున్నారు అని లింకుతో ఉంటే నేనైతే ఇంటర్వ్యూలో అరగంట ఎక్కువ కూర్చోబెడతాను’ అంది. ఆ అరగంటలో గార్బేజ్ కలెక్టర్ లేకుండా మెమొరీ ఎలా చూసుకుంటారో నువ్వు చెప్పగలిగితే, అదేగా నీకు కావాల్సింది.

ఒకటి మాత్రం జాగ్రత్త. మనుషులు తక్కువున్న చోట పాత తగువులు ఆరవు. 2024 జనవరిలో కొందరు విసిగిపోయి ఓపెన్‌డి అని వేరుకుంపటి పెట్టారు. నువ్వు ఏ పక్షమో తేల్చుకోవడానికి రాత్రిళ్ళు మేలుకోకు, నీకు సెమిస్టర్ పరీక్షలున్నాయి.

మళ్ళీ నాన్నగారికి. అమీర్‌పేట కోచింగ్‌కి పంపాలా అన్నారు, ఇప్పుడు అక్కర్లేదు, ఒంటరిగా ఏడాది ఒక భాష మీద కూర్చున్నవాడికి నేర్చుకోవడం ఎలాగో తెలుసు. కొత్త ల్యాప్‌టాప్ అడుగుతున్నాడని కూడా రాశారు. డి గొప్పల్లో మొదటిది చకచకా కంపైల్ అవ్వడం, కాబట్టి పాత ల్యాప్‌టాప్ సరిపోవట్లేదు అన్న సాకు ఆ భాష పేరు మీద మాత్రం చెల్లదు బావూ.