కమ్మీలు బిగించడం కాదు, మంచం ఎత్తు తగ్గించండి

మంచం పట్టిన మీ అమ్మగారు రాత్రిళ్లు కింద పడకుండా ఇరువైపులా ఇనుప కమ్మీలున్న మంచం తెప్పించవచ్చా అని అడిగారు. వద్దనే చెబుతాను. 2019లో బొబ్బిలిలోని మా ఇంట్లో జరిగింది చూశాక ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

పక్షవాతం వచ్చిన మా నాన్నగారి కోసం ఆసుపత్రి మంచం, గాలి పరుపు అద్దెకు తెచ్చాము. నాలుగో రాత్రి రెండు గంటల వేళ మూలుగు వినబడి లేచి చూస్తే, ఆయన పరుపుకూ కమ్మీకీ మధ్య సందులోకి నడుము దాకా జారిపోయి, ఛాతీ ఇరుక్కుని, ఊపిరి అందక ఎగశ్వాస తీస్తున్నారు. కమ్మీని దించబోతే ఆయన బరువుకు కొక్కెం కదలలేదు. అమ్మ రెండు చేతులతో పరుపును అణచిపట్టగా, నేను చంకల కింద చేతులు వేసి పైకి లాగాను. పగలు రెండు వేళ్లు పట్టేంతే ఉండే ఆ సందు, మనిషి అంచుకు దొర్లి గాలి పరుపు అణిగేసరికి జానెడయింది. అద్దెకిచ్చినవారు మంచం ఒక కొలతది, పరుపు మరొక కొలతది అంటగట్టారని తెల్లవారాక తెలిసింది.

ఇది మా ఒక్కరి దురదృష్టం కాదు. 1985 నుంచి 2009 ఆరంభం వరకు మంచం కమ్మీల్లో చిక్కుకున్న 803 ఘటనలు అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థకు చేరగా, వాటిలో 480 మంది మరణించారు. తల ఇరుక్కోకుండా ఇలాంటి సందులు 120 మిల్లీమీటర్ల లోపే ఉండాలని ఆ సంస్థ 2006లో సూచించింది. మన దుకాణాల్లో టేపు పట్టి చూసేవారెవరు? పైగా మతి స్థిమితం లేని పెద్దలు కమ్మీ ఎక్కి దాటబోయి మరింత ఎత్తు నుంచి పడతారు. ఆ కమ్మీల మంచం మేము వదిలేశాక, అరటిపళ్లతో పరామర్శకు వచ్చి, "మంచానికి అడ్డు పెట్టలేదేమమ్మా" అని అమ్మను నిలదీసిన బంధువులలో ఒక్కరూ ఒక్క రాత్రి కాపలా ఉండలేదు.

అసలు ఆ రాత్రి నాన్నగారు ఎందుకు లేవబోయారన్నది మేము ముందే ఆలోచించవలసింది. ఒంట్లో నీరు తీసే మాత్రను రాత్రి భోజనంతో ఇస్తున్నాము. పాపం, ఆయన మూత్రానికి లేవబోయారు. డాక్టరుగారు ఆ మాత్రను ఉదయానికి మార్చారు. రాత్రి పదింటికీ, రెండింటికీ మేమే లేపి కూర్చోబెట్టేవాళ్లం. ఆసుపత్రి మంచం తిరిగి పంపేసి, అంచున కూర్చుంటే పాదాలు పూర్తిగా నేలకు ఆనేలా, తాతగారు చేయించిన టేకు మంచం కాళ్లను వడ్రంగి చేత నాలుగంగుళాలు కోయించి, రాత్రిపూట పక్కన నేల మీద పాత బొంతలు పరిచాము. తర్వాత ఒక్కసారే దొర్లారు, అదీ బొంతల మీదికే. మంచం కాళ్లు కోయించినందుకు మాత్రం నాన్నగారు నెల రోజులు నాతో సరిగా మాట్లాడలేదు.