వేడినీళ్ల స్నానంతో ఆగే వాంతులు గ్యాస్ వల్ల కాకపోవచ్చు

ప్రశ్న: మా అబ్బాయికి 21 ఏళ్లు, ఇంజినీరింగ్ ఫైనలియర్. రెండేళ్లుగా రోజూ గంజాయి కాలుస్తున్నాడని ఈమధ్యే తెలిసింది. వచ్చే నెల ఉద్యోగానికి మెడికల్ టెస్టు ఉంది. ఒంట్లోంచి అది త్వరగా పోవాలంటే ఏం వాడాలి? నాలుగు నెలల్లో మూడుసార్లు ఆగకుండా వాంతులు కూడా అయ్యాయి. మందుల షాపులో చెప్పి గ్యాస్ మాత్రలు, ఇంజెక్షన్ ఇప్పించాం. గంటసేపు వేడినీళ్లు పోసుకుంటే గానీ తగ్గడం లేదు.
- ఒక తల్లి, గాజువాక

జవాబు: అమ్మా, టెస్టు సంగతి తర్వాత. నన్ను కంగారు పెట్టింది మీరు చివర్లో రాసిన రెండు ముక్కలు. విశాఖ ఉక్కపోతలో గీజర్ వేసుకుని గంటసేపు బాత్రూంలో ఉంటున్నాడంటే మామూలు గ్యాస్ అనుకోలేం. చాలాకాలం రోజూ గంజాయి తీసుకునేవారిలో కొందరికి ఇలా విడతలుగా వాంతులొస్తాయి. వేడినీళ్లతో కాసేపు ఉపశమనం దొరుకుతుంది. 2004లో ఆస్ట్రేలియా డాక్టర్లు దీన్ని మొదటిసారి వివరంగా రాశారు. గంజాయి వికారాన్ని తగ్గిస్తుందని విని, వాంతులైనప్పుడు ఇంకో రెండు దమ్ములు లాగేవాళ్లున్నారు. దాంతో జబ్బు ముదురుతుంది. పూర్తిగా మానేస్తేనే తగ్గుతుంది, అదీ కొన్ని వారాలు పడుతుంది.

అయితే చూడకుండా ఇదేనని నేను చెప్పలేను. అపెండిక్స్, పాంక్రియాస్ వాపు, కిడ్నీలో రాయి, షుగర్ కూడా ఇలాగే వాంతులు తెప్పిస్తాయి. మూడుసార్లు జరిగినా డాక్టరుకు చూపించకుండా షాపువాళ్ల మాట మీద నడిచారు, అది నాకు బాధగా ఉంది. ఇంతకీ ఆ ఇంజెక్షన్ ఏమిటి? ఒంట్లో నీరు తగ్గినప్పుడు నొప్పి ఇంజెక్షన్ పడితే కిడ్నీలు దెబ్బతినొచ్చు. చీటీ, ఖాళీ స్ట్రిప్పులు ఉంటే పారేయకుండా తీసుకెళ్లండి. మూత్రం ముదురు పసుపుగా, తక్కువగా వస్తున్నా, నిలబడితే కళ్లు తిరుగుతున్నా, వాంతిలో రక్తం కనిపించినా ఆ రాత్రే ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి. అక్కడ రక్తపరీక్షలో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, ఒంట్లోని లవణాలు సోడియం, పొటాషియం చూస్తారు.

టెస్టు గురించి: రోజూ కాల్చేవారి మూత్రంలో అది వారాల తరబడి కనిపిస్తుంది. నిమ్మరసం, మజ్జిగ, ఆన్‌లైన్ పొడులు దాన్ని కడిగేయలేవు.

ఇంకోటి, కాల్చడం మానేసి చాక్లెట్, భంగు రూపంలో తింటే నయమని స్నేహితులు చెబుతారు. పొగ నిమిషాల్లో ఎక్కుతుంది. తిన్నది ఎక్కడానికి అరగంట నుంచి రెండు గంటలు పట్టొచ్చు. ఈలోగా ఎక్కలేదనుకుని మళ్లీ తింటారు. అప్పుడు గుండెదడ, విపరీతమైన భయం, లేనిపోని అనుమానాలతో మా దగ్గరికొస్తారు.

మానేసిన మొదటి వారం రెండు వారాలు నిద్ర పట్టదు, చిరాకు పడతాడు, అన్నం సయించదు. అప్పుడు మీ అంతట మీరు నిద్రమాత్రలు ఇవ్వొద్దు. తెలియకుండా అన్నంలో మందు కలపడం అసలు వద్దు. చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలకు తీసుకెళ్లండి, లేదా మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీ మానస్‌కు 14416లో ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు. పోలీసుల భయంతో డాక్టరు దగ్గర ఏదీ దాచొద్దు, ఎంత కాలుస్తున్నాడో చెబితే వైద్యమే తేలికవుతుంది. ఈ వారంలోనే తీసుకెళ్లండి, నాలుగోసారి వాంతులు వచ్చేదాకా ఆగొద్దు.