గోడకు బోర్డు బిగించే ముందు: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మాది పాత ఇల్లు. కరెంటు వాడకం తగ్గుతుందని గోడలకు లోపలివైపు థర్మోకోల్ షీట్లు అతికించి, పైన జిప్సమ్ బోర్డు బిగిద్దామనుకుంటున్నాం. ఒక గోడ అడుగున పెయింటు పెచ్చులు లేస్తోంది. బోర్డు వేశాక కనబడదు కదా?

జవాబు: కనబడదు, అందుకే ఇప్పుడే వద్దంటున్నాం. బోర్డు వెనక గాలి ఆడదు, ఆ చెమ్మ ఆరదు. ఏడాది తిరిగేలోపు బూజు వాసన మొదలైతే మొత్తం ఊడదీయాల్సి వస్తుంది. ముందు చెమ్మ ఎటునుంచి వస్తోందో తేల్చండి. మందపాటి పాలిథిన్‌ను అడుగున్నర చదరంగా కత్తిరించి, పెయింటు గీకేసిన చోట నాలుగంచులా టేపు వేసి అతికించండి. ఒక రోజు ఆగండి. గోడను తాకే వైపు నీటి బొట్లు పడితే తడి గోడలోనే ఉంది: కారే పైపో, నేలనుంచి పాకే చెమ్మో, బయటి ప్లాస్టరింగులో బీటో. గదివైపు తడిస్తే ఇంట్లోని ఆవిరి చల్లటి గోడ మీద నీరవుతోంది. మొదటిదానికి మరమ్మతు కావాలి, రెండోదానికి గాలి మారే ఏర్పాటు. ఎండలు కాసే రోజుల్లో ఒక్కసారి చూసి సరిపెట్టుకోకండి, వానలయ్యాక మళ్లీ చూడండి.

గోడ పొడిగా ఉన్నా ఇంకో చిక్కుంది. గది 25 డిగ్రీల్లో, గాలిలో తేమ 60 శాతం ఉంటే, సుమారు 17 డిగ్రీలకు చల్లబడిన దేనిమీదైనా నీరు పడుతుంది. చలి దేశాల్లో లోపల థర్మోకోల్ వేస్తే వెనకున్న గోడ ఇంకా చల్లబడుతుంది. షీట్ల అతుకుల్లోంచి దూరిన గది ఆవిరి అక్కడ నీరవుతుంది. ఏసీ నడిచే ఉక్క ప్రాంతాల్లో ఇది తిరగబడి, బయటి తేమ లోపలికొచ్చి చల్లని బోర్డు వెనక చేరుతుంది. అందుకే ఆవిరిని ఆపే పాలిథిన్ పొర చలి ఎక్కువైన చోట గదివైపు ఉండాలి, ఏసీ ఇళ్లలో గదివైపు ఉండకూడదు. వినైల్ వాల్‌పేపర్ కూడా అలాంటి పొరే. ఈ సంగతి చాలామందికి తట్టదు. కిటికీ అంచుల్ని, బీముల్ని వదిలేస్తే సరిగ్గా అక్కడే నల్లటి గీతలా బూజు పడుతుంది. అక్కడ 10 నుంచి 20 మిల్లీమీటర్ల పలుచటి షీటైనా చుట్టండి.

ప్రశ్న: ఫాల్స్ సీలింగ్ పైన గ్లాస్ ఊల్ (వేడిని ఆపే గాజు పీచు పరుపు) పరిస్తే వైరింగుకు ఇబ్బందా?

జవాబు: ఇబ్బందే. మామూలు పీవీసీ వైరు 70 డిగ్రీల వరకే తట్టుకుంటుంది. అర మీటరు పొడవున పూర్తిగా ఊలులో మునిగితే అది మోయగల కరెంటును సగానికి లెక్కగడతారు. అంటే 20 ఆంపియర్ల వైరు 10కే పనికొస్తుంది. ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్చి) మాత్రం 16దే ఉంటుంది కాబట్టి 15 ఆంపియర్లు లాగినా పడిపోదు, లోపల తొడుగు నెమ్మదిగా పెళుసెక్కుతుంది. గీజరు, ఏసీ వైర్లను ఊలు పైకి లేపి క్లిప్పులు కొట్టించండి, కుదరకపోతే పెద్ద సైజు వైరు లాగించండి. థర్మోకోల్ అయితే వైరుకు తగలనివ్వకండి, పీవీసీని మెత్తగా ఉంచే పదార్థాన్ని అది పీల్చేస్తుంది. పాత హాలోజెన్ లైట్లుంటే ముందే తీయించండి.

అల్యూమినియం ఫాయిల్ షీట్లను పిన్నులతో కొట్టిస్తుంటే మెయిన్ ఆపాకే కొట్టించండి. ఆస్ట్రేలియాలో 2009-10 ఇన్సులేషన్ పథకంలో నలుగురు కార్మికులు చనిపోయారు. వారిలో ముగ్గురు కరెంటు షాకుతో పోయారు.

ప్రశ్న: చల్లదనం పోకుండా కిటికీల సందులన్నీ మూసేశాం. బాత్రూములో గ్యాస్ గీజరుంది. పర్వాలేదా?

జవాబు: ఈ రోజు నుంచే ఆ గీజరు ఆపేయండి. గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది, దానికి రంగూ వాసనా ఉండవు. గీజరు బయటికి మార్చాలి, లేదా గాలిని బయటినుంచే తీసుకుని పొగను బయటికే వదిలే రకం పెట్టాలి. ఇంట్లో పొగగొట్టమున్న పరికరం వేరే ఉంటే ఇలా చూడండి: తలుపులన్నీ మూసి, ఎక్జాస్ట్ ఫ్యాన్లన్నీ వేసి, పరికరం వెలిగించి పది నిమిషాలాగి, గొట్టం మొదట్లో అగరుబత్తి పట్టండి. పొగ గొట్టంలోకి పోవాలి. మీ ముఖం మీదికొస్తే వెంటనే పరికరం ఆపి, మూసిన సందుల్లో కొన్ని తెరిచి మెకానిక్కును పిలవండి. పొగ సరిగ్గా పోయినా మోనాక్సైడ్ అలారం మాత్రం పెట్టుకోండి.