బంతి తగిలితే వణికే కార్ట్రిడ్జ్

ప్రశ్న: పాత సామానులో దొరికిన పోకెమాన్ పిన్‌బాల్ కార్ట్రిడ్జ్ మామూలు గేమ్ బాయ్ (చేతిలో పట్టుకుని ఆడే వీడియో గేమ్ యంత్రం) కార్ట్రిడ్జ్‌ల కంటే పెద్దదిగా, ఒక చిన్న మూతతో ఉంది. ఎందుకండీ?

జవాబు: ఆ మూత కింద ఒక ట్రిపుల్ ఏ బ్యాటరీ వేయాలి. 1999లో విడుదలైన ఈ ఆటలో, బంతి బంపర్లకు (దాన్ని ఎగరగొట్టే దిమ్మెలకు) తగిలినప్పుడల్లా అరచేతికి వణుకు తెలిసేలా కార్ట్రిడ్జ్‌లోనే చిన్న మోటారు అమర్చారు. బ్యాటరీ లేకున్నా ఆట సాగుతుంది గానీ, ఆ వణుకుతోనే ఆడమని నా సలహా. బంతి తిరిగే ఎరుపు, నీలం ఆటబల్లల్లో దేనిని ఎంచుకున్నా, బంపర్లను కొడుతున్నకొద్దీ నీడలా ఉన్న బొమ్మ ముక్కముక్కగా తేటపడి పోకెమాన్ అనే కల్పిత జీవి ప్రత్యక్షమవుతుంది. గడువు ముగిసేలోగా బంతి దానికి పలుమార్లు తగిలితేనే అది పట్టుబడుతుంది. స్కోరుతో పాటు 151 పోకెమాన్‌లనూ సేకరించాలి కాబట్టి, ఈ ఆట అంత త్వరగా విసుగు పుట్టించదు. లోపల పాత బ్యాటరీ ఉండిపోయి కారినట్లయితే, ముందు దానిని తీసేసి రేకులను శుభ్రం చేయండి.